బెదురు పోతేనే చదువు వస్తుంది
రిషివ్యాలీ పల్లె బడులు చూపిన నిచ్చెన బాట

మదనపల్లె: కరవు సీమలో బడికి ఒక పంచాంగం, పొలానికి మరో పంచాంగం. వేరుశెనగ కాయలు పెరికే రోజుల్లో, టమోటా కోతల రోజుల్లో పల్లె బడుల్లో హాజరు పలచబడడం పడమటి మండలాల్లోని అయ్యవార్లందరికీ తెలిసిన సంగతే. పెద్దవాళ్లు కూలికి పోతే పసిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. వానలు లేని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే బెంగళూరు బస్సెక్కుతాయి.

పది పదిహేను రోజుల తర్వాత పిల్లవాడు తిరిగి బడికి వస్తాడు. అప్పటికి తరగతి కూడికలు ముగించి తీసివేతలకు వెళ్లిపోయి ఉంటుంది. లేచి నిలబడి జవాబు చెప్పమంటే చెప్పలేడు. పక్కవాళ్లు నవ్వుతారు. మరునాడు కడుపునొప్పి అంటాడు. వారం తిరిగేసరికి గొర్రెల వెంట కనిపిస్తాడు. బడి మానేసిన పిల్లల లెక్కలు రాసేటప్పుడు కారణం దగ్గర 'పేదరికం' అని రాయడం రివాజు. పేదరికం ఉన్నమాట నిజమే. అయితే పేదరికాన్ని దాటుకుని బడిదాకా వచ్చిన బిడ్డను తిరిగి గడప బయటకు పంపుతున్నది తరగతి గదిలో ఎదురయ్యే సిగ్గు, భయం. వీటిని తీసివేయడం ఎలా అన్న ప్రశ్నకు మదనపల్లె పక్కనే ఉన్న ఒక లోయలో దొరికిన జవాబు పొరుగు రాష్ట్రాలకు, పరదేశాలకు కూడా పాకింది. పుట్టిన చోట మాత్రం ఆ జవాబు విలువ పూర్తిగా అందరికీ తెలిసినట్లు లేదు.

వీధి బడిలో బెత్తం, సరస్వతి

బడి అంటే బెదురు అన్నది ఇవ్వాళ పుట్టినది కాదు. దత్తమండలాలలో భాగమైన బళ్లారి జిల్లాకు కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్, గవర్నరు సర్ థామస్ మన్రో ఆదేశంపై 1823లో అక్కడి వీధి బడుల గురించి ఒక నివేదిక పంపాడు. అందులోని వివరాలు చదివితే తాతముత్తాతల చదువు కళ్లకు కడుతుంది. తెల్లవారి అందరికన్నా ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా 'సరస్వతి' అని రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కో దెబ్బ పెరిగేది. అల్లరి చేసినవారికి, చదవనివారికి చేతులు కట్టి పైకప్పు నుంచి వేలాడదీయడం, గుంజీళ్లు తీయించడం వంటి శిక్షలుండేవి. ఇందులో మొదటిదాన్ని మన పెద్దలు కోదండం అనేవారు.

అదే నివేదికలో మరో సంగతి కూడా ఉన్నది. ఆ బడుల్లో పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ముందు నేర్చినవాడు వెనుక వచ్చినవాడికి చెప్పేవాడు. చెప్పడం వల్ల వాడి చదువు కూడా గట్టిపడేది. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు వారు దీన్ని అనుకరించడం తగినదే అని రాశాడు. అతడు చెప్పిన అనుకరణకు కారకుడు ఆండ్రూ బెల్ అనే మతాధికారి. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడిగా ఉన్న బెల్, ఇసుకలో రాయించడం, పిల్లలచేత పిల్లలకు చెప్పించడం అక్కడ అమలుపరిచి, 1797లో లండనులో ఒక పుస్తకం అచ్చువేశాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండు బడుల్లో వ్యాపించింది.

అంటే మన వీధి బడిలో రెండు గుణాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి బెత్తం. రెండోది పిల్లలు ఒకరికొకరు నేర్పుకోవడం. తర్వాతి కాలంలో ఒకటో తరగతి, రెండో తరగతి అని గోడలు లేచి, ఒకే పుస్తకం, ఒకే పాఠం, ఒకే పరీక్ష వచ్చాక రెండో గుణం మరుగున పడింది. బెత్తం మాత్రం చాలాకాలం నిలిచింది.

లోయలో మొదలైన ఆలోచన

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించారు. అనీబిసెంటు ప్రోత్సాహంతో 1915లో కళాశాల వెలసిన పట్టణం ఇది. పట్టణానికి సుమారు పది మైళ్ల దూరంలో, నేటి కురబలకోట మండలంలో, కొండల నడుమ ఉన్న లోయను కృష్ణమూర్తి 1920లలో విద్యాలయానికి ఎంచుకున్నారు. అదే రిషివ్యాలీ. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఈ ప్రాంతం చిత్తూరు జిల్లాలోనే ఉండేది.

భయం ఉన్నచోట బుద్ధి వికసించదని, ఒక బిడ్డను మరో బిడ్డతో పోల్చడం ఇద్దరికీ చెరుపేనని కృష్ణమూర్తి జీవితమంతా చెబుతూ వచ్చారు. రిషివ్యాలీ ప్రధాన పాఠశాల అక్కడే ఉండి ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకునే పిల్లలది. ఫీజు కట్టగలవారి బిడ్డలకు వీలైన ఈ మాట, కొండకింద పల్లెల్లో ఒకే అయ్యవారు ఐదు తరగతులు నడిపే బడికి వర్తిస్తుందా అన్నది చాలాకాలం జవాబు లేని ప్రశ్నగానే ఉండిపోయింది.

జవాబుకు దారి తీసినవారిలో డేవిడ్ హార్స్‌బరో ఒకరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికి వచ్చిన ఈ ఆంగ్లేయుడు కొంతకాలం రిషివ్యాలీలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1972లో, మన జిల్లా సరిహద్దుకు ఆనుకుని ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, రాయల్పాడు దగ్గర 'నీల్‌బాగ్' అన్న పల్లె బడి తెరిచారు. ఆ ప్రాంతపు రైతుల, కూలీల ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా తెలుగే. ఆ బడిలో ఫీజు లేదు, శిక్ష లేదు, పరీక్ష లేదు. వేర్వేరు వయసుల పిల్లలు ఒకేచోట కూర్చునేవారు. ఎవరి వేగం వారిది. చదువుతోపాటు వడ్రంగం, కుండల పని, కుట్టుపని నేర్చుకునేవారు. ఆ బడిని చూడడానికి, అక్కడ శిక్షణ పొందడానికి ఉపాధ్యాయులు వచ్చేవారు. 1984లో హార్స్‌బరో కన్నుమూశారు. కూలివాళ్ల పిల్లలున్న బడిలో కూడా బెత్తం లేకుండా చదువు నడుస్తుందని ఆ పన్నెండేళ్లు రుజువు చేశాయి.

ఒక అయ్యవారు, ఐదు తరగతులు

1980ల చివర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం బాధ్యత పద్మనాభరావు, రమ దంపతులు తీసుకున్నారు. లోయ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు లేచాయి. ఒక గది, ఒక వరండా, చుట్టూ చెట్లు. ఒక్కో బడికి ఒకే ఉపాధ్యాయుడు. ఆ ఉపాధ్యాయుడు కూడా పట్నం నుంచి వచ్చినవాడు కాదు. ఆ పల్లెదో, పక్క పల్లెదో అయిన చదువుకున్న యువకుడు లేదా యువతి. వారికి కేంద్రంలో శిక్షణ ఇచ్చి బడి అప్పగించారు.

ఇక్కడ వచ్చిన చిక్కు పాఠ్యపుస్తకంతో. పాఠ్యపుస్తకం ఒక గది, ఒక తరగతి, ఒక ఉపాధ్యాయుడు ఉంటారన్న లెక్కతో రాసినది. పల్లె బడిలో ఉన్నది ఒక గది, ఐదు తరగతులు, ఒక ఉపాధ్యాయుడు. ఒకటో తరగతికి 'అ ఆ' చెబుతుంటే నాలుగో తరగతి ఊరికే కూర్చోవాలి. నాలుగుకు భాగహారం చెబుతుంటే ఒకటి అల్లరి చేయాలి. అల్లరి చేస్తే అరవాలి, అరిచినా ఆగకపోతే బెత్తం తీయాలి. చాలా బడుల్లో బెత్తం వెనుక కోపం కన్నా ఈ చేతకానితనమే ఎక్కువ. నలభై మందిని ఐదు తరగతులుగా ఒక్కరే నిశ్శబ్దంగా కూర్చోబెట్టడానికి ఉపాధ్యాయుడి చేతికి మరో పనిముట్టు ఎవరూ ఇవ్వలేదు.

ఆ పనిముట్టును తయారుచేసే పని ఈ కేంద్రం పెట్టుకున్నది. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం పాఠాలన్నిటినీ చిన్న చిన్న పనులుగా విడగొట్టి అట్టల మీద ఎక్కించారు. పల్లె ఉపాధ్యాయులే కూర్చుని రాశారు, బడిలో పెట్టి చూశారు, నడవనిదాన్ని దిద్దారు. 1990ల తొలి సంవత్సరాలకు మొత్తం ప్రాథమిక చదువు ఒక పెట్టెలో ఇమిడింది. 'పెట్టెలో బడి' అని దానికి పేరు వచ్చింది.

నిచ్చెన ఎట్లా పనిచేస్తుంది?

బడి గోడమీద ఒక పెద్ద పటం ఉంటుంది. నిచ్చెన మెట్లలాగా కింది నుంచి పైకి గుర్తులుంటాయి. ఒక్కో మెట్టు దగ్గర ఒక బొమ్మ, ఒక సంఖ్య. ఆ బొమ్మలు జంతువులవి, పక్షులవి, పురుగులవి. చదవడం రాని పసివాడికి కూడా బొమ్మ తెలుస్తుంది గదా. తాను నిన్న ఏ మెట్టు దగ్గర ఆగాడో వాడే చూసుకుంటాడు. తర్వాతి మెట్టు మీది బొమ్మ, సంఖ్య గుర్తుపెట్టుకుని, అదే బొమ్మ ఉన్న తట్టలోనుంచి అదే సంఖ్య ఉన్న అట్ట తీసుకుంటాడు. అట్టమీద ఉన్న పనినిబట్టి తాను కూర్చోవలసిన చాప తెలుస్తుంది.

చాపలు నాలుగైదు రకాలు. కొత్త సంగతి మొదలుపెట్టేవారు అయ్యవారి పక్కన కూర్చుంటారు. వారికి పూర్తి సాయం కావాలి. కొంత నేర్చినవారికి అప్పుడప్పుడు సాయం చాలు. మరో చాపమీద పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇంకో చాపమీద ఎవరి పని వారిది. తిరిగి చూస్తే 1823లో బళ్లారి కలెక్టరు మెచ్చుకున్న సంగతే ఇది, బెత్తాన్ని వదిలేసి మంచిని మాత్రం తిరిగి తెచ్చుకున్నట్లయింది.

కొన్ని మెట్లు కలిస్తే ఒక మైలురాయి. ప్రతి మైలురాయికి ఒక వరస ఉన్నది. ముందు పరిచయం, తర్వాత అభ్యాసం, ఆ తర్వాత వచ్చిందో రాలేదో చూసుకోవడం. వస్తే ముందుకు పోవచ్చు, లేదా అదే సంగతిమీద ఇంకాస్త కష్టమైన పని చేయవచ్చు. రాకపోతే మరో తీరున మళ్లీ నేర్చుకునే అట్టలున్నాయి. పరీక్ష అనే మాట ఎక్కడా వినిపించదు. అది పెద్ద కాగితంగా, బెల్లుతో, మార్కులతో రాదు. మిగిలిన అట్టల మాదిరే మరో అట్టగా వస్తుంది. అందువల్ల పిల్లవాడికి చెమట పట్టదు.

తెలుగు నేర్పే తీరులోనూ మార్పున్నది. అకారం నుంచి క్షకారం దాకా మొత్తం అక్షరమాల వరసగా కంఠస్థం చేసిన తర్వాత మాటలు చదవడం పాత అలవాటు. యాభై పైచిలుకు అక్షరాలు, వాటికి గుణింతాలు, ఒత్తులు దాటి ఒక మాట చదివేసరికి ఏడాది గడిచేది. నిచ్చెన చదువులో రాయడానికి సులువైనవి, మాటల్లో తరచుగా వచ్చేవి అయిన కొద్ది అక్షరాలు ముందు వస్తాయి. ఆ కొద్దిపాటి అక్షరాలతోనే ఇంటి మాటలు, ఊరి మాటలు చదివిస్తారు. బడిలో చేరిన కొద్ది కాలానికే 'నాకు చదవడం వచ్చింది' అన్న ధీమా బిడ్డకు కలుగుతుంది. పసివాడికి ఆ ధీమాను మించిన బహుమతి లేదు.

గోడల కింది భాగమంతా నల్లరంగు పూసి ఉంటుంది. పెద్దల ఎత్తున ఒకే నల్లబల్ల ఉండేచోట పిల్లల ఎత్తున ఒక్కొక్కరికి కొంత జాగా. రాస్తారు, చెరుపుతారు. తప్పు రాసినా పదిమంది ముందు నిలబడి రాసినట్లుండదు.

కోతలనుంచి తిరిగి వచ్చిన పిల్లవాడు

మొదట చెప్పుకున్న పిల్లవాడి సంగతికి ఇప్పుడు వద్దాం. రెండు వారాలు పొలానికి పోయి వచ్చినవాడు ఈ బడిలో అడుగుపెడితే ఏమవుతుంది? నిచ్చెన దగ్గరకు పోతాడు. వాడు వదిలిన మెట్టు అక్కడే ఉంటుంది. ఆ అట్ట తీసుకుని కూర్చుంటాడు. తరగతి వాణ్ణి వదిలేసి వెళ్లిపోలేదు, ఎందుకంటే అందరినీ ఒకేసారి తోలుకుపోయే తరగతి అక్కడ లేదు. లేచి నిలబడవలసిన పని లేదు, నవ్వేవారు లేరు. చురుకైన పిల్ల ఐదేళ్ల చదువును త్వరగా ముగించవచ్చు. నిదానమైనవాడు మరికొంత కాలం తీసుకోవచ్చు. ఫస్టు, లాస్టు అన్న మాటలకు తావులేదు.

ఉపాధ్యాయుడి పని తగ్గలేదు, మారింది. బల్ల దగ్గర నిలబడి ముప్పై మందికి ఒకే మాట చెప్పే పని పోయింది. నేలమీద కూర్చుని ఒక్కో బిడ్డ దగ్గర ఎక్కడ ముడిపడిందో చూసి విప్పే పని వచ్చింది. ఎవరు ఎన్ని మెట్లెక్కారో రోజూ గుర్తుపెట్టుకోవాలి. ఒకే అట్ట దగ్గర నాలుగు రోజులు ఆగిన బిడ్డను పిలిచి కూర్చోబెట్టుకోవాలి. అరుపు అవసరం రాని పని ఇది. బడిలో సందడి ఉంటుంది. అది పనిచేసుకునేవారి సందడి.

తల్లుల కథలు, పిల్లల సంత

బడి బాగుపడాలంటే ఊరు దాన్ని తనదనుకోవాలి. పల్లెలో తల్లులు, అవ్వలు చెప్పే కథలు సేకరించి పిల్లల పుస్తకాలుగా మలచడం, తోలుబొమ్మలు, పాటలు పాఠాల్లో కలపడం ఈ బడుల్లో జరిగింది. తన ఇంట్లో అవ్వ చెప్పిన కథ బడిలో అట్టమీద కనిపిస్తే ఆ బిడ్డకు బడి పరాయి చోటుగా తోచదు. చదువురాని తల్లికి కూడా బడి గడప తొక్కే ధైర్యం వస్తుంది.

లెక్కల కోసం 'మెట్రిక్ మేళా' పెట్టడం మరో విశేషం. పిల్లలే తూకాలు, కొలతలు పట్టుకుని అంగళ్లు తెరుస్తారు. కూరగాయలు తూస్తారు, గుడ్డ కొలుస్తారు, చిల్లర లెక్కపెడతారు. కొనేవారు వారి అమ్మానాన్నలు, ఊరివాళ్లు. వారపు సంతలో తూకం మోసాలు చూసి చూసి ఉన్న పెద్దవాళ్లకు, తమ బిడ్డ కిలో, గ్రాము సరిగా లెక్కగట్టడం కంటే గొప్ప ప్రోగ్రెసు కార్డు ఏముంటుంది?

సరిహద్దు దాటిన విద్య

ఈ విద్యను ముందుగా అందిపుచ్చుకున్నది కర్ణాటక. మైసూరు జిల్లా హెగ్గడదేవన కోట తాలూకా ప్రభుత్వ ఉపాధ్యాయులు రిషివ్యాలీ వచ్చి చూసి వెళ్లి, 1995లో యునిసెఫ్ సాయంతో తమ బడుల్లో మొదలుపెట్టారు. 'నలి-కలి' అని పేరు పెట్టుకున్నారు. ఆడుతూ నేర్చుకో అని దాని భావం. తర్వాతి కాలంలో అది ఆ రాష్ట్రమంతటా ప్రభుత్వ కన్నడ బడుల చిన్న తరగతులకు విస్తరించింది.

తమిళనాడులో మద్రాసు కార్పొరేషన్ కమిషనరుగా ఉన్న ఎం.పి. విజయకుమార్ చొరవతో 2003లో కొన్ని కార్పొరేషన్ బడుల్లో ఇది ప్రారంభమైంది. అక్కడి ఉపాధ్యాయులు కూడా రిషివ్యాలీ వచ్చి నేర్చుకుని పోయినవారే. 2007 నాటికి రాష్ట్రంలోని సుమారు 37 వేల ప్రభుత్వ, సహాయక బడుల చిన్న తరగతులకు చేరింది. మహానగరంలో పెద్దపెద్ద గదుల్లో కూడా ఉపాధ్యాయులు కుర్చీ దిగి చాపమీద కూర్చున్నారు. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ పద్ధతులు మారుతూ వచ్చినా, చిన్న తరగతుల బోధనపై దాని ప్రభావం పెద్దదే. పద్మనాభరావు, రమలకు 2009లో ష్వాబ్ ఫౌండేషన్ వారి పురస్కారం లభించింది. జర్మనీలోని రీగెన్స్‌బర్గ్, వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయాల విద్యావేత్తలు ఈ పద్ధతిని అధ్యయనం చేశారు.

పెరటి చెట్టు సంగతి

మన రాష్ట్రంలో ఇటువంటి ప్రయత్నాలు జరగలేదని కాదు. బ్రిటిషు ప్రభుత్వ సాయంతో 1980లలో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలను ఉపాధ్యాయులకు నేర్పింది. పిల్లలచేత పనులు చేయించడం, చేసి చూసి తెలుసుకోనివ్వడం, జట్లుగా కూర్చోబెట్టడం, బిడ్డకూ బిడ్డకూ ఉన్న తేడాను గుర్తించడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడలమీద ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచడం అన్నవి ఆ సూత్రాలు. ఆనాడు శిక్షణ పొందిన ఉపాధ్యాయులలో చాలామందికి గదిలో దండెం కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 'స్నేహబాల' పేరుతో కార్డులు కూడా ప్రాథమిక పాఠశాలలకు చేరాయి.

అయితే కార్డుల పెట్టె ఒక్కటే చేరితే నిచ్చెన చేరినట్లు కాదు. శిక్షణ లేకుండా కార్డులిస్తే అవి బీరువాలో ఉంటాయి. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి పెట్టె అర్థం కాదు. అట్టలు చినిగితే కొత్తవి రావాలి. పాఠ్యపుస్తకం ఎన్ని పేజీలు అయిందని తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే, మెట్లెక్కిన లెక్క చూపే ఉపాధ్యాయుడు తెల్లమొహం వేయాల్సి వస్తుంది. పల్లె బడికి వెన్నెముకగా నిలిచినది తరచూ కలిసి కష్టసుఖాలు మాట్లాడుకునే ఉపాధ్యాయుల జట్టు. ప్రభుత్వ పథకాల్లో సులువుగా జారిపోయేది కూడా అదే.

ఈ పద్ధతి మీద విమర్శలు లేకపోలేదు. పుస్తకం కనపడకపోతే చదువు జరగడం లేదని తల్లిదండ్రులు అనుకుంటారు. శ్రద్ధలేని చోట అట్ట తీయడం, అట్ట పెట్టడమే చదువైపోయి, కలిసి కథ వినడం, కలిసి మాట్లాడుకోవడం తగ్గిపోయే ప్రమాదముంది. ఐదో తరగతి ముగించి పెద్ద బడికి పోయిన బిడ్డ మళ్లీ బెంచీల వరసలోకి, మార్కుల పోటీలోకి పోవలసిందే. ఇవి తీసిపారేయవలసిన మాటలు కావు. పిల్లవాడు భయపడకుండా నేర్చుకోవడం అన్న అసలు సంగతిని మాత్రం ఈ విమర్శలేవీ కాదనడం లేదు.

చట్టం చెప్పింది, గది మారాలి

2009 నాటి ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలని అదే చట్టం చెబుతుంది. అయినా ఒకే ఉపాధ్యాయుడితో నడిచే బడులు రాష్ట్రంలో వేల సంఖ్యలో ఉన్నాయి. బెత్తం పట్టుకోవద్దని చట్టం చెప్పింది. ఐదు తరగతులను ఒక్కరే ఎట్లా నడపాలో చెప్పవలసిన బాధ్యత శాఖది. ఆ రెండోది జరగనిచోట బెత్తం పోయినా అరుపు మిగులుతుంది, అరుపు పోయినా నిర్లక్ష్యం మిగులుతుంది. నిర్లక్ష్యం బెత్తం కన్నా మెత్తగా కనిపిస్తుంది గాని, బిడ్డకు చేసే చెరుపు తక్కువేమీ కాదు.

2019లో ఆరంభమైన 'నాడు-నేడు' పనులతో చాలా బడులకు మరుగుదొడ్లు, మంచినీరు, బల్లలు, రంగులు వచ్చాయి. శుభ్రమైన బడి పిల్లలకు మర్యాదనిస్తుంది, అందులో సందేహం లేదు. మరుగుదొడ్డి లేక మానేసిన ఆడపిల్లల సంగతి తలచుకుంటే ఈ పనుల విలువ తెలుస్తుంది. కాని రంగు వేసిన గదిలో కూడా బిడ్డ బెదిరిపోవచ్చు. చెట్టుకింద బడిలో కూడా నిబ్బరంగా చదువుకోవచ్చు.

పథకం వచ్చేదాకా ఆగకుండా ఏ ఉపాధ్యాయుడైనా రేపే చేయదగినవి కొన్ని ఉన్నాయి. పిల్లల చేతికి అందే ఎత్తున గోడకు నల్లరంగు పూయించవచ్చు. బెంచీల వరసలు తీసి గుండ్రంగా కూర్చోబెట్టవచ్చు. చాలా రోజులకు వచ్చిన బిడ్డను 'ఇన్ని రోజులు ఎక్కడ చచ్చావు' అని అడిగే బదులు 'వచ్చినావా నాయనా, ఎక్కడ ఆపినామో చూద్దాం రా' అనవచ్చు. ఆ బిడ్డ పక్కన ముందు నేర్చిన బిడ్డను కూర్చోబెట్టవచ్చు. తప్పు చెప్పినవాణ్ణి చూసి ఇతరులు నవ్వకుండా మొదటి రోజే కట్టడి చేయవచ్చు. ఊరి అవ్వను ఒక పూట పిలిచి కథ చెప్పించవచ్చు. ఇందులో దేనికీ జీవో అవసరం లేదు.

జీవో అవసరమైనవి కూడా ఉన్నాయి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసేవారికి బహుళ తరగతి బోధనలో ప్రత్యేక శిక్షణ కావాలి. ఆ శిక్షణ పొందినవారిని కనీసం కొన్నేళ్లు కదిలించకుండా ఉంచాలి. మండలంలోని ఉపాధ్యాయులు నెలకొకసారైనా కలిసి తమ బడుల్లో నడిచినదీ నడవనిదీ చెప్పుకునే వీలుండాలి. తనిఖీ అధికారులు పేజీల లెక్క అడగడం మాని, వెనుకబడిన బిడ్డ ఎంతవరకు వచ్చిందో అడగాలి. రాయలసీమ పడమటి పల్లెల్లో కూలికి, వలసకు పోయి వచ్చే పిల్లలున్నంత కాలం, తిరిగి వచ్చినవాడికి చోటు చూపే బడి కావాలి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మైసూరువారు, మద్రాసువారు ఈ పెరటి చెట్టు ఆకును వెతుక్కుంటూ మదనపల్లె దారి పట్టారు. మన జిల్లాల ఉపాధ్యాయులకైతే ఒక బస్సు టిక్కెట్టు దూరం. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను విడతలవారీగా ఈ పల్లె బడుల పద్ధతిని చూసి రావడానికి పంపే ఏర్పాటును విద్యాశాఖవారు చేపడితే, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఈ ఏడాది కోతల తర్వాత తిరిగి వచ్చే పిలకాయలకు బడిలో తమ మెట్టు కనిపిస్తుందా, లేదా అన్నది ఆ ఏర్పాటు మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.